ఇంజను లేని పోటు

దశమి

మన ఓడల వాడలో ఏ ఓడకు ఇంజన్లు మార్చినా, పని మొదలైన రోజు నుంచి జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలి. తర్వాత మార్చేవాళ్ళు చదువుకుంటారని వాడపెద్ద అప్పలసూరి తాత పెట్టిన నియమం ఇది. రాయవలసింది మా ఆయన. "నీ రాత బాగుంటాది రత్నం, నువ్వే రాయి. నావన్నీ గ్రీజు సేతులు" అని పలక నా మెడలో తగిలించాడు. వాడ వాళ్ళిచ్చిన పలక ఇది. వేలితో రాస్తే దాచుకుంటుంది. నేను బడి పడవలో ఐదో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు విప్పమంటే నాకు రాదు గాని రాయడం పరవాలేదు. తప్పులుంటే సర్దుకోండి.

నా పేరు గంగరత్నం. మాది తెల్లోడ. పూర్వం ధనవంతులెవరో షికారుకు కట్టించుకున్న మూడంతస్తుల ఓడ. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక దాన్ని వదిలేసి పోతే, మా నాన్న ఈదుకుంటూ వెళ్ళి ఎక్కాడట. నేను పుట్టింది ఇందులోనే. వాళ్ళు విందులు చేసుకున్న గాజు హాల్లో మేం చేపలు ఎండబెట్టుకుంటాం. వాళ్ళు స్నానం చేసిన పాలరాతి తొట్టిలో వాననీళ్ళు పట్టుకుంటాం. నాన్న పోయాక ఓడ నాకు వచ్చింది. మగవాళ్ళు సముద్రంలో పోయినా ఓడ నిలవాలని మన వాడలో ఓడలు కూతుళ్ళకే ఇస్తారు కదా. నన్ను చేసుకున్న రోజున మా ఆయన ఒక మూట భుజాన వేసుకుని ఈ ఓడ ఎక్కాడు. ఆయన పేరు ఎల్లాజీ. నోటితో అనకూడదు గాని రాయవచ్చని నూకాలు చెప్పింది. నూకాలుది మా పక్క ఓడ.

డీజిలు పొగ కనిపిస్తే చాలు, కాపలా ఓడలు వచ్చి తాడు వేసి లాక్కుపోతున్నాయి. పోనీ కదలకుండా ఉందామంటే, ఏడాదిపాటు కదలని ఓడను గట్టుకు ఈడ్చి ముక్కలు కోసేస్తున్నారు. అందుకని మేం కరెంటు మోటార్లు పెట్టుకుంటున్నాం. నాకు సంతోషంగానే ఉంది.

పౌర్ణమి

ఈ రోజు పెద్ద పోటు మీద క్రేను బల్లకట్టు వచ్చింది. గాజు హాలు కప్పు అద్దాలు తీసి, నేల కోసి రెండు ఇంజన్లూ పైకి లాగారు. మీరు కోసేటప్పుడు ముందు కింద తడిగోనెలు పరవండి. మేం పరవలేదు. నిప్పురవ్వలు పడి అడుగున ఉన్న డీజిలు మడ్డి అంటుకోబోయింది.

ఇంజన్లకు నేను గంగమ్మ పండుగనాడు కట్టిన పసుపుదారాలు ఇంకా ఉన్నాయి. వాటితోనే పైకి లేచాయి. నాన్న రోజూ తుడిచిన ఇంజన్లు. నేను ముఖం తిప్పుకున్నాను. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇనుమే కదే పిచ్చిదానా. ఈటికి బదులుగానే మనకి మోటార్లిత్తన్నారు. మీ నాన్న ఎక్కడికీ పోలేదు, రూపు మారేడనుకో."

ఆ మాటకు ఏడుపు ఆగింది.

అప్పలసూరి తాత కూడా వచ్చాడు. ఖాళీ ఇంజను గదిలోకి తొంగి చూసి, "కొత్తయ్యేవిరా?" అని అడిగాడు.

"దారిలో ఉన్నాయి తాతా. క్రేను ఈ పోటుకే దొరికింది. ఆగితే మళ్ళీ అమాస దాకా దొరకదు."

తాత నా వైపు తిరిగాడు. "ఏమ్మా, అంతేనా?"

మా ఆయన నన్ను చూశాడు. నేను తల ఊపాను. తాత పోటు తిరిగేదాకా అక్కడే కూర్చున్నాడు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు గుమ్మం వైపు, నీళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. టీ కోసమనుకుని నేను లోపలికి వెళ్ళాను. టీ పెట్టి తెచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు.

తదియ

డీజిలు ట్యాంకులు కడుగుతున్నాం. బ్యాటరీలు పెట్టేది వాటిలోనే. ట్యాంకు మూత చిన్నది. అందులో పట్టేది ఈ ఓడలో నేనొక్కదాన్నే. నడుముకు తాడు కట్టుకుని దిగుతున్నాను. తాడు కొస మా ఆయన పట్టుకుంటాడు. లోపల కళ్ళు తిరిగితే రెండుసార్లు లాగాలి, ఆయన పైకి లాగేస్తాడు. మీరూ అలాగే చేయండి. గాలి గొట్టం లేకుండా దిగకండి.

అడుగున మడ్డి తారులా ఉంది. రేకుతో గీకి బకెట్లలోకి ఎత్తాలి. బయటికి వస్తే నూకాలు ముక్కు మూసుకుంది.

"ఓలమ్మో, ఎవరే నువ్వు? తెల్లోడ పిల్లని పంపితే నల్లోడ పిల్లొచ్చిందేటి!"

మా ఆయన నవ్వలేదు. తొట్టిలో నీళ్ళు వెచ్చబెట్టి, నా తలకు తనే సీకాయ రుద్దాడు. వాడలో ఏ మొగుడూ ఆ పని చేయడు. నూకాలు చూసేసిందని నాకు ఇంకా సిగ్గుగానే ఉంది.

షష్ఠి

మోటార్లు వచ్చాయి. అవి ఓడ ఎక్కినప్పుడు నేను చూడలేదు. రెండో ట్యాంకులో ఉన్నాను. పొద్దున నేను, "మోటార్లు వత్తాయి కదా మావా, రేపు దిగుతాను" అంటే, "వాటికింకా టైముందిలే. ఆ మూల కొంచెం మిగిలిపోయింది, దిగి కానిచ్చెయ్" అన్నాడు.

పైకి వచ్చి చూస్తే రెండు మోటార్లూ చెక్కదిమ్మల మీద కూర్చుని ఉన్నాయి. నీలం రంగు. మా ఇంజన్ల పక్కన పెడితే పిల్లల్లా ఉంటాయి. రెండింటికీ పసుపుదారాలు కట్టేసి ఉన్నాయి.

"అయ్యో, నేను కట్టాలి కదా మావా."

"ఒళ్ళంతా మడ్డేసుకుని దారమెలా కడతావే? ముహూర్తం దాటిపోతందని నేనే కట్టేశాను. నేను కడితే ఒకటీ నువ్వు కడితే ఒకటీనా?"

ఆయనకు ఇంత భక్తి ఉందని నాకు తెలియదు. సంతోషపడ్డాను.

ఇక పని సంగతి. మోటారు కొసనున్న పళ్ళెమూ, నీళ్ళలోని రెక్కను తిప్పే షాఫ్టు పళ్ళెమూ ఎదురెదురుగా సరిగ్గా నిలవాలి. మేం సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం రెండింటి నడుమ పెట్టి లాగి చూశాం. చుట్టూ ఎక్కడ లాగినా ఒకేలా పట్టుకోవాలి. ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా ఉంటే, మోటారు కింద రేకు ముక్కలు వేసి ఎత్తాలి. కుడిది తొందరగానే కుదిరింది. ఎడమది ఏడిపించింది. ఆయన లీవరుతో ఎత్తితే నేను రేకు దోపాను, నేను ఎత్తితే ఆయన బోల్టు బిగించాడు.

ఏకాదశి

బ్యాటరీలు దించాం. ఎడమ ట్యాంకు మొత్తం నింపాక కుడిది మొదలుపెట్టకండి. మేం అలా చేస్తే ఓడ పక్కకు ఒరిగి, వంటగదిలో కుండలన్నీ జారాయి. అటొకటి ఇటొకటి దించుకోండి. తీగలు నా మణికట్టంత లావున్నాయి. మెలిపెడితే లోపల తెగుతాయట, పామును తిప్పినట్టు మెల్లగా తిప్పాలి. ఎండ పలకలు పై అంతస్తు మీద పరిచాం. అవి దీపాలకూ వంటకూ చాలుతాయి. ఓడ కదలాలంటే మాత్రం వాడ కరెంటు గుంజల దగ్గర నింపుకోవాల్సిందే. నిండా నింపితే మెల్లగా ఒక పగలంతా నడుస్తుంది.

లోపల రంగు వేయాలన్నాడు. ఆ వాసన నాకు పడదని, నా సామాను వాళ్ళ అక్క రాజమ్మ వదిన పడవలో పెట్టిస్తున్నాడు. నేను సర్దుతానంటే వద్దన్నాడు. "కూకో. ఇన్నాళ్ళూ కష్టపడ్డావు" అని తనే చీరలు మడతపెట్టాడు. మడత మీద మడత, అంచు మీద అంచు. మగవాడికి అంత ఒద్దిక ఎక్కడిది అనుకున్నాను.

ఓడ ముందు భాగాన నాన్న వేయించిన పేరు కూడా గీకేశారు. రంగు ఆరాక మళ్ళీ రాయిస్తానన్నాడు.

విదియ

నిన్న ఓడను తాళ్ళకు కట్టి ఉంచి మోటార్లు తిప్పి చూశాం. శబ్దం లేదు. నీళ్ళు మాత్రం వెనక్కి నురగ కక్కాయి. చిన్నప్పటి నుంచి నేల అదిరితేనే ఓడ బతికి ఉందని నాకు లెక్క. ఇప్పుడు అరికాళ్ళకు ఏమీ తెలియడం లేదు. నూకాలు చెవి ఆనించి విని, "ఒసే, మా ఆయన గురకకి కూడా ఇలాటి మోటారు బిగించమనవే మీ ఎల్లాజీని!" అంది.

ఈ రోజు మొదటిసారి బయటికి నడపాలి. ఓడకు దిష్టి తీయడానికి పసుపు తక్కువైతే, మా ఆయన, "నూకాలుని అడిగి దంచుకుని రా. తొందరేం లేదు" అన్నాడు. నూకాలు ఓడలో రోలు ముందు కూర్చుని ఇద్దరం దంచుకున్నాం. కబుర్లు చెప్పుకున్నాం. పసుపు జల్లించి పైకి వచ్చి చూస్తే మా ఓడ లేదు. అది ఉన్నచోట నీళ్ళు ఉన్నాయి. కట్టిన తాళ్ళు గుంజకు చుట్టలు చుట్టి తగిలించి ఉన్నాయి.

"ఇంత ఓడ పక్కనించి పోతే మన సెవులకి తెలీలేదేంటే?" అంది నూకాలు.

డీజిలు ఓడైతే వాడంతా ఉలిక్కిపడి లేచేది.

పోటు మించిపోతుందని ముందే తీసుకెళ్ళాడు కాబోలు. బయటికి పోయే దారిలో ఇసుకమేట మీద నీళ్ళు ఎక్కువసేపు ఉండవు. నూకాలు ఓడలోనే కూర్చుని రాస్తున్నాను. పసుపు గిన్నె పక్కనే ఉంది. వచ్చాక దిష్టి తీస్తాను.

తదియ

రాలేదు.

మోటారు చెడిందేమో, మేట మీద ఎక్కాడేమో అని నూకాలు మొగుడు తెప్ప వేసుకుని వెళ్ళి చూసి వచ్చాడు. ఎక్కడా లేదు. నేను అప్పలసూరి తాత దగ్గరకు వెళ్ళాను. నూకాలు వెంట వచ్చింది. నూకాలే అడిగింది.

తాత ఆశ్చర్యపోయాడు. "దక్షిణాన జనాన్ని షికారు తిప్పే ఇహారాల కంపెనీలో సేరతాడంట కదా. ఓడ సొంతమైతే కెప్టెను పని ఇత్తారు, సంసారాలకి చోటుండదు. నీకు తెలీదేటమ్మా? ఓడ నువ్వే ఇచ్చేవు కదా."

"అదేం మాట తాతా? అదెప్పుడిచ్చింది?" అంది నూకాలు.

అప్పుడు తాత చెప్పాడు. నేను విన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముందు మీరు ఇది చదవండి, తర్వాతే బోల్టు మీద చెయ్యి వేయండి. పాత ఇంజను దారం తెంపకముందే కొత్తదానికి దారం కట్టాలి. కట్టాల్సింది ఓడ గల ఆడమనిషి. ఓడ ఒక్క పోటు కూడా ఇంజను లేకుండా ఉండకూడదు. ఉంటే అది ఎవరిదీ కాదు. తర్వాత ఇంజను తెచ్చి ఎవరు దారం కడితే వాళ్ళది. మన వాడ పుట్టినప్పుడు వదిలేసిన ఓడలు ఎక్కినవాళ్ళు కొట్టుకోకుండా పెట్టుకున్న మాట అది. మా నాన్న కూడా అలాగే దారం కట్టి తెల్లోడను తనది చేసుకున్నాడు. నేను పుట్టాక మా ఇంట్లో ఇంజను మార్చలేదు. నాకు ఎవరూ చెప్పలేదు.

"అందుకేనమ్మా, పోటు తిరిగేదాకా కూకున్నాను. కొత్తది వత్తదేమో, ఆపుతావేమోనని. నువ్వు తలూపేవు. మొగుడికి మనసారా ఇత్తంది కాబోలు, మజ్జిన నేనెవర్ని అనుకున్నాను."

వదిన పడవకు వెళ్ళాను. నా పెట్టె ఒక మూల ఉంది. తెరిచి చూశాను. చీరలు, నాన్న ఫోటో, కాటుక డబ్బా, పాత గాజులు. దువ్వెన కూడా ఉంది. దాని పళ్ళలో వెంట్రుకలు తీసేసి, శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి పెట్టాడు.

వదిన, "ఉండు పిల్లా, ఎన్నాళ్ళైనా ఉండు" అంది. నా ముఖంలోకి చూడలేదు. ఆమెకు ముందే తెలుసు.

చతుర్థి

నిన్నటి నుంచి నూకాలు నన్ను వదలడం లేదు. "నీకు తెలీక ఇచ్చేవని తాతకి సెప్పు. అంతే. ఒక్క ముక్క."

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. డీజిలు ఓడ అయితే పీపాలు నింపుకుని సింహళం దాకా పారిపోవచ్చు. కరెంటు ఓడ అలా కాదు. రోజూ ఎవరో ఒకరి వాడకు వెళ్ళి గుంజ దగ్గర నిలబడాలి. తగువులో ఉన్న ఓడకు ఈ తీరంలో ఏ వాడా కరెంటు ఇవ్వదు. తాత రేడియోలో ఒక మాట అంటే చాలు. అయితే ముందు తగువు పెట్టేదాని నోటి నుంచి తాతకు మాట రావాలి. పెట్టాక ఆయన్ను అన్ని వాడల్లోనూ దొంగగా చూస్తారు. నూకాలు చూస్తుండగా నా తల రుద్దిన మనిషిని.

ఆ సీకాయ రోజున ఆయనకు అంతా ముందే తెలుసు. దారం ఎప్పుడు కట్టాలో, నన్ను ఏ ట్యాంకులో దింపాలో తెలిసే నా కళ్ళలో సీకాయ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ అరచెయ్యి అబద్ధమో నిజమో తేల్చుకోలేక ఈ రోజంతా గడిచింది.

సాయంత్రం తాత దగ్గరకు వెళ్ళాను. "తెలీక" అన్నాను. వినబడలేదన్నాడు. మళ్ళీ అన్నాను.

షష్ఠి

అంతర్వేది వాడ నుంచి కబురు వచ్చింది. తెల్లోడ అక్కడ ఆగిందట. మా ఆయన అక్కడ వాళ్ళతో పెద్దగా గొడవపడ్డాడట. వెనక్కి రావడానికి సరిపోయేంత కరెంటు మాత్రమే పోశారట.

అష్టమి

వచ్చాడు. ఓడ మెల్లగా, చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. వాడ అంతా నీళ్ళ మీద తేలే పీపాల బల్ల మీద చేరింది. నేను నూకాలు వెనక నిలబడ్డాను.

"నేనేటి దొంగతనం చేసేనా తాతా?" అన్నాడు ఆయన. "పోటు దాటిన ఓడ. దారం కట్టింది నేను. మాట నాదా, వాడదా?"

"మాట వాడదే. ఆ పిల్లకి తెలుసా అని."

"ఆళ్ళ నాన్న సెప్పుండాలి. నేనెలా సెప్తాను?"

"గంగరత్నం, నువ్వు సెప్పమ్మా. నిన్ను ఎవరు మోసం సేసేరు? పేరుతో సెప్పు. లేపోతే తగువు నిలవదు."

అందరూ నన్ను చూశారు.  నూకాలు పక్కకు తప్పుకుని నన్ను ముందుకు తోసింది. "సెప్పవే! నోట్లో నానబియ్యం పోసుకున్నావా?"

"ఎల్లాజీ" అన్నాను.

తన పేరు నా నోటి వెంట వినడం ఆయనకూ అదే మొదటిసారి. తల ఎత్తాడు. ఆ తర్వాత నాకు మాటలు ఆగలేదు. "నన్ను ట్యాంకులోకి దింపి దారం కట్టేడు. రేపు దిగుతానంటే ఆ రోజే దింపేడు. నా నడుం తాడు ఆయన సేతిలోనే ఉంది."

"నాకు నువ్వొద్దని కాదు రత్నం" అన్నాడు. గొంతు తగ్గింది. "అక్కడ కుదురుకున్నాక పిలిపించుకుందారనే."

"నా దువ్వెన కూడా సర్దేవు మావా."

 నిజంగా పిలిపించుకునేవాడు దువ్వెన ఓడలోనే ఉంచుతాడు.

తాత తీర్పు చెప్పాడు. "ఓడ పిల్లది. తెలీక ఒదిలింది ఒదిలినట్టు కాదు. మోటార్లంటావా, ఆ పిల్ల తండ్రి ఇంజన్లకి బదులొచ్చినియ్యి. మజ్జిన నువ్వు కాళ్ళరిగేలా తిరిగి తెచ్చేవు, ఇద్దరూ కలిసి బిగించేరు. సెరొకటి తీసుకోండి."

"ఒక్క మోటారుతో ఓడెలా నడుత్తాది తాతా?"

"వంకరగా నడుత్తాది. మీ కాపరంలాగ."

అందరూ నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు. ఒకేసారి తల ఎత్తి ఒకరినొకరం చూసుకున్నాం. అంతే.

నవమి

ఆయన ఎడమ మోటారు తీసుకున్నాడు. విప్పేటప్పుడు తొందరపడలేదు. తీగల కొసలకు టోపీలు తొడిగాడు. ఖాళీ షాఫ్టు తిరగకుండా తాడుతో బిగించి కట్టాడు. "ఈ తాడు రోజూ సూసుకో. ఒదులైతే షాఫ్టు తిరిగి నీళ్ళు లోనికొత్తాయి" అన్నాడు. సరే అన్నాను. కుడి మోటారుకు ముందు నా దారం కట్టి, తర్వాత ఆయన కట్టినది కత్తితో తెంపాను. అప్పుడాయన పక్కనే ఉన్నాడు, పానాలు సంచిలో వేసుకుంటున్నాడు.

దిగేముందు గాజు హాల్లో ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. "నేలకి రేకు ఏయించు, వాన పడతాది" అని దిగిపోయాడు.

ద్వాదశి

ఓడను ఈ రోజు నేను నడిపాను. ఇసుకమేట దాకా వెళ్ళి వచ్చాను. నూకాలు ముందు నిలబడి లోతు చూసింది. ఒక్క మోటారుతో నడిపిన ఓడ మన వాడలో ఇది మొదటిది. అందుకని వివరంగా రాస్తున్నాను.

వేగం సగం కూడా రాదు. బయలుదేరేటప్పుడు ఎడమ వైపు తాడు చివరిదాకా వదలకండి. కుడి మోటారు ఒక్కటే తోస్తుంది కాబట్టి ఓడ నేరుగా పోదు. చెయ్యి వదిలితే ముక్కు ఎడమకు, ఇదివరకు ఆ రెండో మోటారు ఉన్న వైపుకు తిరిగిపోతుంది. గాలి లేకపోయినా తిరుగుతుంది. ఎన్నిసార్లు దారిలో పెట్టినా అటే తిరుగుతుంది. ఓడ చెడిందేమోనని భయపడకండి. చుక్కాని కుడికి తిప్పి అక్కడే పట్టి ఉంచాలి. ఎంత తిప్పాలో మొదట తెలియదు, నడుపుతుంటే తెలుస్తుంది. భుజాలు లాగుతాయి. వెళ్ళినంతసేపూ, వచ్చినంతసేపూ పట్టే ఉండాలి.